మరుసటి ఏడు కూడా రండి

(సంఘ వార్షికోత్సవ సభలో వైద్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో మా ఉపసంఘం లెక్కలు చదువుతుంది. ఉచిత వైద్య శిబిరానికి ఎంతమంది వచ్చారు, ఎన్ని మాత్రలు పంచాము, ఎంతమందికి కళ్ళద్దాలిచ్చాము అని చెబుతాము. మీరు చప్పట్లు కొడతారు, మేము సంతోషంగా కూర్చుంటాము. ఈసారి ఆ లెక్కలు కార్యదర్శి గారి నివేదికలోనే ఉన్నాయి. మేము మాత్రం ఒక తప్పు ఒప్పుకోవడానికి, ఒక సంగతి మనవి చేసుకోవడానికి మీ ముందుకు వచ్చాము.

మన పేటలో దర్జీ పని చేసుకునే ఒక పెద్దాయన ఉన్నారు. పేరు చెప్పము. ఆయన వరుసగా మూడేళ్ళు మన శిబిరానికి వచ్చారు. మూడుసార్లూ పరగడుపున రక్తం పరీక్ష చేసి చీటీ రాసిచ్చాము. మొదటి ఏడు షుగరు 112. రెండో ఏడు 131. మూడో ఏడు 178. మూడు చీటీల మీదా ఒకటే మాట రాశాము, "డాక్టరును కలవండి" అని. ఆయన చివరికి ఎక్కడో మాత్రలు రాయించుకున్నారు. రంజాను వచ్చింది. మధ్యాహ్నం వేసుకునే మాత్ర కూడా కలిపి సహరీలోనే మింగి రోజా ఉన్నారు. ఒకనాడు అసర్ నమాజుకు వజూ చేస్తూ మసీదు హౌజు దగ్గరే పడిపోయారు. ఒళ్ళంతా చెమట, మాట తడబాటు. పక్కనున్న కుర్రాడు తెలివైనవాడు గనుక చక్కెర నీళ్ళు పట్టించాడు. అల్లా దయవల్ల మనిషి దక్కారు.

మరునాడు ఆయన కూతురు ఒక రేకు డబ్బా తెచ్చి మా ముందు తెరిచింది. అందులో మన మూడు చీటీలూ భద్రంగా ఉన్నాయి. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే చదువురాని వాడికైనా అర్థమవుతుంది, షుగరు మెట్లెక్కి పైకి పోతోందని. కాని ఆ మూడు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసినవారు మాలో ఒక్కరూ లేరు. మూడేళ్ళు ఆయనను మూడు కొత్త మనుషుల్లాగ చూశాము. ఒకే మనిషిని మూడేళ్ళు చూడలేదు. తప్పు ఇదీ. ఇది మాదే.

అప్పటి నుంచి మేము ఈ విషయం గురించి చదవడం, తెలిసిన డాక్టర్లను అడగడం మొదలుపెట్టాము. మాకు అర్థమైనది సులువైన మాటల్లో చెబుతాము.

వైద్యంలో ఒక పద్ధతి ఉంది. కొంతమందిని ఈ రోజు పరీక్షించి, వాళ్ళ వయస్సు, తిండి, అలవాట్లు, బి.పి., షుగరు అన్నీ రాసిపెట్టుకుంటారు. వాళ్ళను మళ్ళీ మళ్ళీ, ఏళ్ళ తరబడి కలుస్తారు. ఎవరికి ఏ జబ్బు వచ్చింది, ఎవరు ఆరోగ్యంగా ఉన్నారు అని చూసి, మొదట రాసిపెట్టిన దానితో పోల్చుకుంటారు. పరిశోధన కోసమని మందిచ్చి గాని మాన్పించి గాని ప్రయోగం చేయరు. జరిగేదాన్ని గమనిస్తారు. ఇంగ్లీషులో దీన్ని ప్రాస్పెక్టివ్ అబ్జర్వేషనల్ స్టడీ అంటారు. రోగిని వెంటబెట్టుకుని కాలంతోపాటు ముందుకు నడిచే పరిశీలన అని మనం చెప్పుకోవచ్చు.

రోగిని చూసి రాసిపెట్టుకునే అలవాటు మనకు కొత్త కాదు. దాదాపు 1,100 ఏళ్ళ క్రితం రయ్ నగరంలో పుట్టి, బాగ్దాదు ఆసుపత్రిలో పనిచేసిన అబూబకర్ ముహమ్మద్ ఇబ్న్ జకరియ్యా అల్ రాజీ, తాను చూసిన రోగుల సంగతులు రాసిపెట్టుకునేవాడు. ఆయన పోయిన తర్వాత శిష్యులు ఆ కాగితాలన్నీ కూర్చితేనే "అల్ హావీ" అనే పెద్ద వైద్య గ్రంథమైంది. ఒక రకం తల జబ్బులో కొందరికి రక్తం తీయించి, కొందరికి తీయించకుండా ఉంచి, తేడా చూశానని అందులో ఉంది. జ్ఞాపకం మీద కాక కాగితం మీద ఆధారపడిన మనిషి ఆయన. మన శిబిరంలో కాగితానికి కొదవ లేదు గాని, దాన్ని దాచి మళ్ళీ చూసే పని మేము చేయలేదు.

ఈ కాలపు ఉదాహరణ ఒకటి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో బోస్టనుకు దగ్గరగా ఫ్రామింగ్‌హామ్ అనే ఊరుంది. 1948లో ఆ ఊళ్ళో 30 నుంచి 62 ఏళ్ళ మధ్య వయస్సున్న 5,209 మంది ఆడవాళ్ళను, మగవాళ్ళను ఎంచుకుని పరిశీలన మొదలుపెట్టారు. అప్పటికి గుండెపోటు ఎందుకొస్తుందో సరిగా తెలియదు. వయస్సు పెరిగితే బి.పి. పెరగడం మామూలేనని చాలామంది డాక్టర్లే అనుకునేవారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు అంతటివాడు ఎంతో ఎక్కువ బి.పి.తో 1945లో మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. ఆ ఊరివాళ్ళను రెండేళ్ళకొకసారి పిలిచి పరీక్ష చేశారు. జబ్బు లేనివాళ్ళనూ పిలిచారు, ఇది ముఖ్యం. పదేళ్ళు దాటేసరికి సంగతి తేటపడసాగింది. బి.పి. ఎక్కువున్నవాళ్ళకు, రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ళకు గుండె జబ్బు ఎక్కువగా వస్తోంది. ఈ రోజు ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు చేతికి పట్టీ కట్టి బి.పి. చూస్తున్నారంటే, దాని వెనుక ఆ ఊరివాళ్ళ ఓపిక ఉంది. 1971లో వాళ్ళ పిల్లలను, 2002లో మనవల తరాన్ని కూడా చేర్చుకున్నారు. తాత, తండ్రి, మనవడు మూడు తరాలు అదే పరిశీలనలో ఉన్నారు.

రెండో ఉదాహరణ ఇంగ్లండుది. బీడీ, సిగరెట్టు తాగే సోదరులు కాస్త చెవి ఇటు పెట్టాలి. ఊపిరితిత్తుల క్యాన్సరుకూ పొగకూ సంబంధముందా అని డాల్, హిల్ అనే ఇద్దరు మొదట ఆసుపత్రిలోని రోగులను అడిగి చూశారు. 1950లో ఉందని చెప్పారు. జబ్బుపడ్డవాడు పాత సంగతి సరిగా చెబుతాడా, జ్ఞాపకం మీద నమ్మకమేమిటి అని కొందరు ఆక్షేపించారు. అప్పుడు ఆ ఇద్దరూ దారి మార్చారు. 1951లో బ్రిటను డాక్టర్లకే ఉత్తరాలు రాసి, మీరు పొగ తాగుతారా, ఎంత తాగుతారు అని అడిగారు. జవాబిచ్చినవాళ్ళలో 34,439 మంది మగ డాక్టర్లను ఏళ్ళ తరబడి గమనించారు. 1954కే తేడా కనబడింది. అయినా ఆపలేదు. 50 ఏళ్ళ లెక్క 2004లో వచ్చింది. జీవితమంతా పొగ తాగినవాళ్ళు తాగనివాళ్ళ కంటే సగటున 10 ఏళ్ళు ముందు చనిపోయారు. 60 ఏళ్ళకు మానినవాళ్ళకు సుమారు 3 ఏళ్ళు, 50కి మానితే 6, 40కి మానితే 9 ఏళ్ళు ఆయుస్సు కలిసొచ్చింది. 30కి మానితే దాదాపు పదేళ్ళూ కలిసొచ్చాయి. ఆయుస్సు అల్లా చేతిలోనిది, నిజమే. ఒంటిని పాడుచేసుకోకుండా ఉండడం మాత్రం మన చేతిలో ఉంది. ఈ వయస్సులో మానితే ఏమొస్తుందిలే అనే మాటకు ఆ లెక్కే జవాబు.

మూడోది మన హైదరాబాదు పక్కనే జరిగింది. 1987-90 మధ్య హైదరాబాదుకు దగ్గరలోని 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పని చేపట్టింది. అందులో కొన్ని గ్రామాల్లో గర్భిణీలకు, చంటిపిల్లలకు ప్రభుత్వ పథకం కింద అదనపు పోషకాహారం అందుతోంది. మిగతా గ్రామాలకు పథకం ఇంకా రాలేదు. అప్పట్లో పుట్టిన పిల్లల బరువులు రాసిపెట్టారు. సుమారు 15 ఏళ్ళ తర్వాత, 2003-05లో, మళ్ళీ ఆ ఊళ్ళకెళ్ళి ఆ పిల్లలను వెతికారు. అందరూ దొరకలేదు. దొరికిన 1,165 మంది అప్పటికి 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళు. తల్లి కడుపులోనూ, పసితనంలోనూ అదనపు ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగ్గా ఉన్నారు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా ఉంది, రక్తనాళాలు కొంత మెత్తగా ఉన్నాయి. అంటే ముందు ముందు షుగరు, గుండె జబ్బుల భయం కొంత తగ్గే గుర్తులన్న మాట. తల్లి తిన్న ముద్ద బిడ్డకు పదిహేనేళ్ళ తర్వాత కూడా కనిపించింది. ఆనాడు ఎవరో ఒకరు పుస్తకంలో బిడ్డ బరువు రాసి, ఆ పుస్తకాన్ని పారేయకుండా ఉంచారు గనుక ఈ సంగతి బయటపడింది.

ఇక మన ఇంటి విషయానికి వద్దాము. షుగరు ఉన్నవాళ్ళు రంజానులో రోజాలు ఉండడం గురించి.

2001లో మన దేశంతో సహా 13 దేశాల్లో 12,000 మందికి పైగా షుగరు రోగులైన ముస్లింలను, రంజాను గడిచాక అడిగి తెలుసుకున్నారు. పెద్దవయస్సులో వచ్చే రకం షుగరున్నవాళ్ళలో ప్రతి 100 మందిలో దాదాపు 79 మంది కనీసం 15 రోజాలు ఉన్నారు. డాక్టరు వద్దన్నా, అవునన్నా మనవాళ్ళు ఉంటారు, మనకు తెలిసిందే. తీవ్రంగా షుగరు పడిపోవడం వీళ్ళలో మామూలు నెలల్లో నెలకు 1,000 మందికి 4 సార్లుంటే, రంజానులో 30 సార్లయింది. మన దర్జీ పెద్దాయనకు జరిగింది ఆయన ఒక్కడికే వచ్చిన కష్టం కాదు.

ఇందులోనూ డాల్, హిల్‌కు ఎదురైన చిక్కే ఉంది. నెల గడిచాక అడిగితే కొంత మరుపు, కొంత మొహమాటం. అందుకని తర్వాతివారు రంజానుకు ముందే రోగులను చేర్చుకుని, నెలంతా గమనించి, పండుగ తర్వాత మళ్ళీ కలిసే పద్ధతి పట్టారు. అలాంటి పరిశీలన ఒకటి ఆసియా, మధ్యప్రాచ్య దేశాల్లో 1,300 మందికి పైగా రోగులతో జరిగి 2013లో అచ్చయింది. పాత సల్ఫొనైల్‌యూరియా రకం మాత్రలు వాడినవాళ్ళలో 100కి దాదాపు 20 మందికి షుగరు పడిపోతే, విల్డాగ్లిప్టిన్ అనే కొత్త మందు వాడినవాళ్ళలో 100కి 5 మందికే అలా జరిగింది.

ఇది విని రేపే మందుల షాపుకు పరుగెత్తకండి. ఆ పరిశీలన ఖర్చు భరించింది ఆ కొత్త మందు తయారుచేసే కంపెనీయే. పైగా ఎవరికి ఏ మందు ఇవ్వాలో చీటీ వేసి తేల్చలేదు, డాక్టర్లు తమకు తోచినట్టు ఇచ్చారు. ఖరీదైన మందు కొనగలవాడు తిండిలోనూ, పరీక్షల్లోనూ జాగ్రత్తపరుడై ఉండొచ్చు. తేడాలో మందు వాటా ఎంత, మనిషి వాటా ఎంత? గమనించే పద్ధతిలో ఉన్న పెద్ద లోపం ఇదే. రెండు సంగతులు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేము. అందుకే ఒక్క పరిశీలన మీద ఎవరూ తీర్పు చెప్పరు. చాలా చోట్ల, చాలా ఏళ్ళు, రకరకాల మనుషుల్లో ఒకే సంగతి కనిపిస్తేనే నమ్ముతారు.

రంజానుకు ఇంకో విశేషం ఉంది. ఏటా సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతూ 33 ఏళ్ళలో అన్ని ఋతువులూ చుట్టి వస్తుంది. చలికాలపు రోజాకూ మే నెల ఎండలో రోజాకూ పోలికే లేదు. కనుక ఒక్క రంజాను చూసి, ఈయన బాగానే ఉన్నాడు అని చెప్పడం కుదరదు. ఏటేటా చూడాలి.

ఈ పరిశీలనలన్నీ కూర్చుకుని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్యతో కలిసి డాక్టర్లు 2016లో సూచనలు తయారుచేశారు, 2021లో వాటిని సరిచేశారు. రంజానుకు 6 నుంచి 8 వారాల ముందే డాక్టరును కలిసి, ఉండొచ్చా లేదా, ఏ మాత్ర ఎప్పుడు ఎంత వేసుకోవాలి అని తేల్చుకోవాలి. రోజాలో ఉండగా వేలికి సూది గుచ్చి షుగరు చూసుకుంటే రోజా భంగం కాదు. షుగరు 70కి తగ్గినా, 300 దాటినా రోజా విడవాలి. జబ్బుపడ్డవాడికి అల్లా ఇచ్చిన సడలింపు ఉండనే ఉంది. దాన్ని వాడుకోవడం ఈమాను తక్కువై కాదు. మిగతా విషయాలు మన ఇమాము సాహెబును అడగండి, ఆయన మాకంటే బాగా చెబుతారు.

ఇప్పుడు ఒక చేదు మాట కూడా చెప్పాలి. చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది.

రోగిని గమనించడం పేరుతో ఘోరమూ జరిగింది. 1932లో అమెరికాలో అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో, సుమారు 600 మంది పేద నల్లజాతి మగవాళ్ళను ప్రభుత్వ ఆరోగ్యశాఖ పరిశీలనలో చేర్చుకుంది. వారిలో 399 మందికి సిఫిలిస్ జబ్బుంది. ఆ సంగతి వాళ్ళకు సరిగా చెప్పలేదు. 1940ల్లో పెన్సిలిన్ వచ్చి ఆ జబ్బు నయమవుతుందని తేలిన తర్వాత కూడా వాళ్ళకు ఇవ్వలేదు. జబ్బు ఎంతదాకా పోతుందో చూస్తూ కూర్చున్నారు. 1972లో పత్రికల్లోకెక్కిన తర్వాతే అది ఆగింది. 1997లో ఆ దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. మందు ఉండి కూడా ఇవ్వకుండా గమనించడం వైద్యం కాదు, పాపం.

అందువల్లే ఇప్పుడు కట్టుదిట్టమైన నియమాలున్నాయి. మన దేశంలో వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నియమాల ప్రకారం, మనుషుల మీద ఏ పరిశోధనైనా నైతిక సంఘం అనుమతితోనే జరగాలి. చేరేవాడికి వాడి భాషలో అన్నీ చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, తప్పుకున్నందుకు వైద్యం ఆపకూడదు. మీ పేటకు ఎవరు రక్తం తీయడానికి వచ్చినా ఇవన్నీ అడగండి. అడగడం మీ హక్కు.

మరి మన సంఘం చేయగలిగిందేమిటి? మేమేమీ పెద్ద పరిశోధన తలపెట్టలేదు. అంతటివాళ్ళము కాము. ఒకే మనిషిని ఏటేటా చూడడం, చూసింది దాచడం, పాతదానితో పోల్చడం, తేడా ఉంటే వెంటనే వైద్యానికి పంపడం, ఈ నాలుగు పనులు చేద్దామంటున్నాము.

ఈ ఏటి నుంచి విడి చీటీలు ఉండవు. ప్రతి మనిషికీ ఒక నంబరు, ఒక చిన్న పుస్తకం. అదే నంబరు మీద మా దగ్గర రిజిస్టరులో ఒక పేజీ. వయస్సు, బరువు, నడుము కొలత, బి.పి., షుగరు, వాడే మందులు ఏటేటా ఒకదాని కిందొకటి ఒకే పేజీలో రాస్తాము. శిబిరం ఏడాదికి మూడుసార్లు పెడతాము. రజబ్ నెలలో ఒకటి, రంజానుకు ముందే డాక్టరు సలహా అందేలాగ. పండుగ వెళ్ళాక ఒకటి. ఆపై ఆరు నెలలకు ఒకటి. వీధికొక యువకుడు, ఆడవాళ్ళకు వీధికొక అమ్మాయి బాధ్యత తీసుకుంటారు. రానివాళ్ళ ఇంటికి వెళ్ళి పలకరించి వస్తారు.

ఈ రానివాళ్ళ గురించే మా బెంగంతా. ఎంత పెద్ద పరిశీలననైనా పాడుచేసేది మధ్యలో మానేసినవాళ్ళే. ఎందుకంటే మానేసేవాళ్ళు అందరిలాంటివాళ్ళు కారు. మరీ జబ్బుపడి లేవలేనివాడు రాడు. పూర్తిగా బాగున్నవాడు, నాకెందుకులే అని రాడు. పనికి పోకపోతే పూట గడవనివాడు రాలేడు. వచ్చినవాళ్ళను మాత్రమే చూసి పేటంతా క్షేమమే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. గల్ఫుకు పోయినవాళ్ళు సెలవుకు వచ్చినప్పుడు పుస్తకం తీసుకుని రండి. పెళ్ళయి అత్తవారింటికి పోయే ఆడపిల్లకు నగలతోపాటు ఈ పుస్తకమూ ఇచ్చి పంపండి. కాన్పు సమయంలో నగల కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

తల్లులు కొందరు మమ్మల్ని ముందే అడిగారు, పిల్లకు షుగరుందని రాస్తే రేపు సంబంధాలు ఎలా వస్తాయి అని. న్యాయమైన భయమే. రిజిస్టరులో పేరుండదు, నంబరే ఉంటుంది. పేర్ల జాబితా వేరే బీరువాలో, ఇద్దరి తాళంచెవులతో ఉంటుంది. మా ఉపసంఘంలో ఎవరైనా ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పినట్టు తేలితే ఆ రోజే తప్పిస్తాము. అది మా దగ్గర మీరు పెట్టిన అమానత్తు. చేరడం చేరకపోవడం మీ ఇష్టం. చేరకపోయినా శిబిరంలో మందు మామూలుగానే ఇస్తాము.

డబ్బు పెద్దగా ఖర్చు కాదు. పుస్తకాల అచ్చు, పరీక్ష పట్టీలు, ఒక బీరువా. కావలసింది ఓపిక. ఫ్రామింగ్‌హామ్ వాళ్ళు గొప్పవాళ్ళేమీ కారు, మనలాంటి ఊరివాళ్ళే. రెండేళ్ళకొకసారి పిలిస్తే వచ్చారు, అంతే. వాళ్ళు వచ్చినందువల్ల లోకానికి మేలు జరిగింది. మనం వస్తే కనీసం మన పేటకు మేలు జరుగుతుంది.

ఆ దర్జీ పెద్దాయన ఈ సభలోనే ఉన్నారు. మొదటి నంబరు ఆయనకే ఇద్దామని అడిగితే, "మూడు చీటీలు దాచినవాణ్ణి, పుస్తకం దాచలేనా?" అన్నారు. ఆయన దాచారు, మేము చూడలేదు. ఇక ముందు చూస్తాము, ఇన్షా అల్లా. కనుక మా మనవి ఒక్కటే. జబ్బున్నా రండి, లేకపోయినా రండి. ఈ ఏడు వచ్చినవాళ్ళు మరుసటి ఏడు కూడా రండి.